ముందు ఒకటే నంబరు, వెనక ఎంతమందో

(విన్నిపెగ్‌లో తెలుగు శ్రోతల కోసం కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి ఇది లిఖితరూపం. మాట్లాడిన ధోరణిని వీలయినంతవరకు అలాగే ఉంచాం.)

బయట మైనస్ 28 ఉంది, గాలితో కలిపి చూస్తే ఇంకా ఘోరం. ఇలాంటి రోజున రేడియో పెట్టుకుని కూర్చున్నారంటే మీకు వేరే పని లేదని కాదు, బయటికి వెళ్ళే ధైర్యం లేదని నాకు తెలుసు. కాబట్టి ధైర్యంగా ఒక కంప్యూటరు కబురు చెబుతాను.

మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చారు. వచ్చిన మూడో రోజున నేను ఫోనులో పనివాళ్ళతో మాట్లాడడం విని, ఫోను పెట్టేశాక అడిగారు: "అల్లుడుగారూ, పొద్దుట్నుంచీ లోడు, లోడు అంటున్నారు. లారీలేమైనా కొన్నారా?" అని. లేదండీ, అది లోడ్ బాలెన్సర్ అని ఒక కంప్యూటరు వ్యవహారం అన్నాను. "అంటే?" అన్నారు. ఐదు నిమిషాలు చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "అయితే మీరు చేసేది పెళ్ళిలో బంతి దగ్గర నిలబడి, ఇటు రండి, అటు కూర్చోండి అని చెప్పడమన్నమాట" అన్నారు. నేను మాస్టర్స్‌లో రెండేళ్ళు చదివింది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ముక్కనే ఇవాళ కొంచెం విప్పి చెబుతాను. ఎందుకంటే మన ఇళ్ళల్లో చాలామంది ఇదే పని మీద రాత్రిళ్ళు లేచి కూర్చుంటారు, ఇంట్లోవాళ్ళకి మాత్రం ఎందుకు లేచారో తెలియదు.

మొదట ఈ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. అత్యవసర సహాయానికి ఊరంతటికీ ఒకే నంబరు ఉండాలనే పద్ధతి ఉత్తర అమెరికాలో మొట్టమొదట వచ్చింది మన విన్నిపెగ్‌లోనే. 1959లో, మేయరు స్టీఫెన్ జూబా హయాంలో. అప్పుడది 911 కాదు, 999. లండనులో 1937 నుంచి వాడుతున్న నంబరునే తీసుకున్నారు. 1972లో 911కి మారింది. అంతకుముందు సంగతి ఊహించుకోండి. ఇల్లు అంటుకుంటే ఒక నంబరు, దొంగలు పడితే ఇంకొకటి, మనిషి పడిపోతే మరొకటి వెతుక్కోవాలి. ఒకే నంబరు వచ్చాక, ఫోను చేసేవాడికి వెనక ఎంతమంది ఉన్నారో, ఎవరు డ్యూటీలో ఉన్నారో తెలియనక్కర్లేదు. మూడంకెలు తిప్పితే చాలు, ఎవరో ఒకరు ఎత్తుతారు.

లోడ్ బాలెన్సర్ అంటే ఇదే. ఇందులో మూడు సంగతులున్నాయి. ముందు మారని చిరునామా ఒకటి. వెనక మారుతూ ఉండే మనుషుల పట్టిక. వాళ్ళలో ఇప్పుడు పని చేయగల స్థితిలో ఎవరున్నారో తెలిసి ఉండడం. మొదటి రెండూ కంప్యూటరు బాగానే చూసుకుంటుంది. మూడోదాని దగ్గరే నాలాంటివాళ్ళు బోల్తా పడతారు. నేను ఎలా పడ్డానో చెబుతాను, కానీ కొంచెం ఆగండి.

కంటెయినరు అన్న మాట వినే ఉంటారు. ఒక ప్రోగ్రాముని, దానికి కావలసిన సరంజామాతో సహా కట్టేసిన మూట అది. టిఫిన్ క్యారియరు లాంటిది. తెనాలిలో విప్పినా టొరంటోలో విప్పినా లోపల అదే అన్నం, అదే పప్పు. ఇలాంటి క్యారియర్లు వందలు, వేలు ఉన్నప్పుడు ఏది ఏ యంత్రం మీద పెట్టాలి, ఒకటి ఒలికిపోతే దాని బదులు ఇంకొకటి ఎక్కడ పెట్టాలి అని చూసుకునే మేస్త్రీ ఒకడు కావాలి. ఇప్పుడు లోకమంతా ఎక్కువగా వాడే మేస్త్రీ పేరు కుబెర్నెటీస్. గూగుల్ వాళ్ళు తమ లోపలి బోర్గ్ అనే వ్యవస్థ అనుభవంతో దీన్ని 2014లో బయటపెట్టారు, 2015లో మొదటి పూర్తి వెర్షను వచ్చింది. అది గ్రీకు మాట. ఓడ నడిపేవాడని అర్థం. మన గోదావరి లాంచీల మీద సరంగు అంటారే, వాడే. దాని గుర్తు కూడా ఏడు ఆకుల చుక్కాని చక్రం.

ఈ సరంగుకి ఒక అలవాటుంది. క్యారియరు పాడైతే బాగుచేయడు. పారేసి కొత్తది పెడతాడు. కొత్తదానికి చిరునామా కొత్తది. అంటే నిన్న 10.1.2.7 అన్న చోట దొరికిన ప్రోగ్రాము ఇవాళ 10.1.3.19లో ఉంటుంది. మిగతావాళ్ళు దాన్ని ఎక్కడని వెతుకుతారు? అందుకే కుబెర్నెటీస్‌లో సర్వీసు అని ఒకటి పెట్టారు. సర్వీసుకి ఒక పేరు, మారని ఒక చిరునామా ఉంటాయి. వింత ఏమిటంటే మామూలుగా ఆ చిరునామా ఏ యంత్రానికీ చెందదు. అక్కడ ఎవరూ కూర్చుని లేరు. ప్రతి యంత్రంలోనూ క్యూబ్ ప్రాక్సీ అనే గుమాస్తా ఒకడుంటాడు. వాడు ఆ యంత్రం లినక్సు గుండెలో కొన్ని నియమాలు రాసిపెడతాడు: ఫలానా చిరునామాకి ఎవరైనా బయలుదేరితే, దారిలోనే ఆపి, అసలు చిరునామాల్లో ఒకదానికి మళ్ళించు, అని.

ఎవరికి మళ్ళించాలి? ఇక్కడ పెద్ద తెలివేమీ లేదు, చీటీలు వేస్తారు. వెనక ముగ్గురున్నారనుకోండి. మొదటి నియమం: మూడింట ఒక వంతు అవకాశంతో మొదటివాడికి పంపు. అక్కడ తగలకపోతే రెండో నియమం: రెండింట ఒక వంతు అవకాశంతో రెండోవాడికి. అదీ కాకపోతే మూడోవాడికి. మొదటివాడికి మూడో వంతు, రెండోవాడికి సగం అంటే అన్యాయంలా కనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. మొదటి నియమం దాటి వచ్చేది మూడింట రెండు వంతులే, అందులో సగమంటే మళ్ళీ మూడో వంతే. ముగ్గురికీ సమానం. మీ ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే ఈ లెక్క ఇవ్వండి, స్కూల్లో చెప్పేదానికంటే బాగా పడుతుంది.

చీటీ పద్ధతిలో ఒక లోపముంది. ఎవడి చేతిలో ఎంత పని ఉందో అది చూడదు. మైకేల్ మిట్జెన్‌మాకర్ అనే ఆయన 1996లో తన పీహెచ్‌డీలో దీనికి సంబంధించి ఒక ముచ్చటైన విషయం తేల్చాడు. యాదృచ్ఛికంగా ఒకరిని కాకుండా ఇద్దరిని ఎంచుకుని, వాళ్ళిద్దరిలో తక్కువ పని ఉన్నవాడికి ఇస్తే చాలు, ఒకడి నెత్తిన పని పేరుకుపోవడం ఎంతో తగ్గిపోతుంది. అందరినీ అడగక్కర్లేదు. ఇద్దరినడిగితే మహా లాభం, ముగ్గురినడిగితే ఆపైన వచ్చేది కొంచెమే. ఈ పొట్‌లక్కు భోజనాల్లో మీరూ చేసేది అదే కదా. హాలులో ఉన్న బల్లలన్నీ లెక్కపెట్టరు, కనిపించిన రెండు వరసల్లో పొట్టిదాంట్లో నిలబడతారు. కొన్ని లోడ్ బాలెన్సర్లలో ఈ పద్ధతి ఎంచుకునే వీలుంది.

సరే, ఇదంతా క్లస్టరు లోపలి సంగతి. బయటి మనిషి లోపలికి రావాలంటే? కుబెర్నెటీస్ రెండు దార్లు ఇస్తుంది. ఒకటి నోడ్ పోర్టు: ప్రతి యంత్రానికీ 30000 నుంచి 32767 లోపు ఒక తలుపు తెరుస్తుంది. పని చేస్తుంది కానీ, "మా ఇంటికి రండి, 31844వ తలుపు" అని ఎవరికి చెబుతాం? పైగా ఏ యంత్రం తలుపని చెప్పాలి? ఆ యంత్రమే చచ్చిపోతే? రెండోది, సర్వీసు రకం దగ్గర లోడ్ బాలెన్సర్ అని రాయడం. అమెజాను, గూగుల్, మైక్రోసాఫ్టు లాంటివాళ్ళ క్లౌడులో ఆ ఒక్క మాట రాస్తే వాళ్ళే బయట ఒక బాలెన్సరు కట్టి, చిరునామా ఇచ్చి, గంటల చొప్పున బిల్లు వేస్తారు. ఇలాంటివి ఇరవై రాసుకుంటే ఇరవై బిల్లులు. కొత్తవాళ్ళు నెలాఖరున అదిరిపడేది ఇక్కడే.

నా కథలో క్లౌడు లేదు. రెండేళ్ళ క్రిందట ఒక స్వచ్ఛంద సంస్థకి పని చేసి పెట్టాను. పేరు చెప్పను. వృద్ధులను, డయాలసిస్ వాళ్ళను వ్యానుల్లో ఆసుపత్రికి తీసుకువెళ్ళి తీసుకువచ్చే సంస్థ అది. మానిటోబాలో ఆరోగ్య వివరాలకి 1997 నాటి చట్టం ఒకటుంది. చట్టం మాట ఎలా ఉన్నా వాళ్ళకి యంత్రాలు తమ కళ్ళెదుట ఉండాలని పట్టుదల. బేస్‌మెంటులో, ఫర్నేసు పక్క గదిలో, మూడు పాత యంత్రాలు. వాటి మీద కుబెర్నెటీస్ పెట్టాను. మూడు యంత్రాలకి అంత హంగామా ఎందుకు అని అడిగేవాళ్ళుంటారు. ఒప్పుకుంటాను, చిన్న కూరకి పెద్ద డేగిసా. కానీ ఒక యంత్రం పోయినా పని ఆగకూడదని వాళ్ళ కోరిక. అది చాలా న్యాయమైన కోరిక. ఈ చలిలో వ్యాను రాకపోతే అవతల గుమ్మంలో నిలబడేది డెబ్భై అయిదేళ్ళ మనిషి.

సొంత యంత్రాల మీద లోడ్ బాలెన్సర్ అని రాస్తే ఏమవుతుంది? ఏమీ అవదు. చిరునామా ఉండవలసిన గడిలో పెండింగ్ అని కనిపిస్తుంది. గంట చూసినా పెండింగే, మర్నాడు చూసినా పెండింగే. అది తప్పు కాదు. చిరునామా ఇచ్చేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు, అంతే. ఆ లోటు తీర్చడానికి 2017లో మొదలైన మెటల్ ఎల్‌బీ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. మన దగ్గరున్న చిరునామాల్లో కొన్నింటిని దానికి అప్పగిస్తే, అడిగిన సర్వీసుకి ఒకటి చొప్పున పంచిపెడుతుంది.

అది పనిచేసే తీరు మన ఊళ్ళల్లో పోస్టుమాన్ పద్ధతి. నెట్‌వర్కులో ఎవరైనా ఒక చిరునామాకి సమాచారం పంపాలంటే ముందు కేక వేస్తారు: "192.168.10.205 ఎవరిది?" అని. మూడు యంత్రాల్లో ఒకటి, మెటల్ ఎల్‌బీ తరఫున, "నాదే, ఇటు ఇవ్వండి" అంటుంది. ఆ యంత్రం పోతే మిగిలిన రెండిట్లో ఒకటి కొన్ని సెకన్లలో, ఎవరూ అడక్కుండానే, "ఇకనుంచి నాది" అని చాటింపు వేస్తుంది. ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఈ పద్ధతిలో బయటి నుంచి వచ్చేదంతా ఒక్క యంత్రం గుమ్మంలోంచే వస్తుంది, లోపలికి వచ్చాకే పంపకం. అంటే పేరుకి లోడ్ బాలెన్సరే గాని, గుమ్మం దగ్గర బరువు పంచుకోవడం లేదు. ఒకరు పోతే ఇంకొకరు నిలబడడం మాత్రమే. గుమ్మం దగ్గర కూడా పంచాలంటే బీజీపీ అనే పద్ధతుంది, దానికి తగిన రౌటరు కావాలి. మా బేస్‌మెంటుకి మొదటిదే చాలు.

చేయవలసిన పని తక్కువే. చిరునామాల కట్ట ఒకటి రాయాలి. దాన్ని చాటింపు వేయమని విడిగా ఇంకో కాగితం రాయాలి. ఈ రెండోది మరిచిపోతే తమాషాగా ఉంటుంది: సర్వీసుకి చిరునామా వస్తుంది, పెండింగ్ పోతుంది, మనం సంతోషిస్తాం, కానీ పిలిస్తే ఎవరూ పలకరు. నేను ఒక మధ్యాహ్నం మొత్తం దీనికి సమర్పించుకున్నాను. ఇంకో జాగ్రత్త, ఆ కట్టలోని చిరునామాలు ఆఫీసులో రౌటరు తనంతట తాను పంచే వాటిలో ఉండకూడదు, ఇంకెవరికీ ముందే ఇచ్చేసినవి కాకూడదు. నేను రౌటరుదైతే చూశాను. ప్రింటరుకి ఎవరో ఎప్పుడో చేత్తో 205 ఇచ్చారని నాకేం తెలుసు? మొదటి రోజున కొంతమంది బుకింగు పేజీ తెరిస్తే, నల్ల సిరా 40 శాతం ఉందని చూపించింది. ప్రింటరు నిద్రపోతే అంతా సవ్యం, లేచిందంటే గోల. ఒకే చిరునామాకి ఇద్దరు "నాదే" అంటే పోస్టుమాన్ ఎవరికిస్తాడో చెప్పలేం.

గుమ్మం దాటాక సావిట్లో ఒక గుమాస్తాని కూడా కూర్చోబెట్టుకోవాలి. చిరునామా ఒకటే అయినా పేర్లు రెండు మూడు ఉండచ్చు. బుకింగు పేజీ ఒక పేరు, డ్రైవర్ల పేజీ ఇంకో పేరు. వచ్చినవాడు ఏ పేరు చెప్పాడో చూసి అటు పంపేదాన్ని ఇన్‌గ్రెస్ అంటారు. తాళాలు కూడా, అంటే ఆ హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లు, దాని దగ్గరే పెడితే సుఖం. దీనికోసం ఏళ్ళ తరబడి చాలామంది వాడింది ఇన్‌గ్రెస్ ఎన్‌జినెక్స్ అనే ప్రోగ్రాము, నేనూ అదే పెట్టాను. చూసుకునేవాళ్ళు ఒకరిద్దరే మిగిలారని, 2026 మార్చి తర్వాత దానికి ఇక మరమ్మతులు ఉండవని 2025 నవంబరులో ప్రకటించారు. మీ ఇంట్లో ఎవరైనా ఈ మధ్య ఆ మాట తలుచుకుని నిట్టూరుస్తుంటే కారణం ఇదే. దాని స్థానంలో గేట్‌వే ఏపీఐ అనే కొత్త ఒరవడికి మారమంటున్నారు. అది 2023 అక్టోబరులో పూర్తి రూపానికి వచ్చింది. లోకంలో ఇన్ని కంపెనీలు వాడుకునే వస్తువుని ఇద్దరు ముగ్గురు ఖాళీ సమయాల్లో మోశారన్నది కొంచెం సిగ్గుపడవలసిన విషయమే, అందులో నా వంతు కూడా ఉంది.

ఇప్పుడు బోల్తా పడిన కథ.

అంతా అమిరింది. మూడు యంత్రాలు, బుకింగు ప్రోగ్రాము మూడు కాపీలు, యంత్రానికొకటి. నెలన్నర హాయిగా నడిచింది. జనవరిలో ఒక సోమవారం పొద్దున్న, బళ్ళు పంపే ఆవిడ ఫోను చేసింది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ఇక్కడ ఇరవై ఏళ్ళుగా ఉంటున్నావిడ, కంగారు పడే మనిషి కాదు. "మూడుసార్లు నొక్కితే ఒకసారి తప్పు వస్తోంది. మళ్ళీ నొక్కితే పోతోంది" అంది. నేను నా తెర మీద చూశాను. మూడు కాపీలూ పచ్చగా, నడుస్తున్నాయని ఉంది. మీ ఇంటర్నెట్టు ఏమో చూసుకోండి అన్నాను. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. మూడింట ఒకటి అని ఆవిడ రోగం పేరుతో సహా చెప్పింది, నేను వినలేదు.

జరిగిందేమిటంటే, ముందు రాత్రి ఒక స్విచ్చి ఆగి మళ్ళీ లేచింది. రెండు కాపీలు డేటాబేసుతో తమ తీగలు మళ్ళీ కలుపుకున్నాయి. మూడోది చచ్చిన తీగలు పట్టుకుని కూర్చుంది. ప్రోగ్రాము బ్రతికే ఉంది, ఊపిరి తీస్తోంది, కాబట్టి కుబెర్నెటీస్ లెక్కలో నడుస్తున్నట్టే. నేను వేరే ఏమీ చెప్పలేదు కాబట్టి, నడిచేవాడు పని చేయగలవాడే అని అది అనుకుంది. ప్రతి మూడో అభ్యర్థనా వెళ్ళి ఆ రోగిష్టివాడి నెత్తిన పడింది. ఆవిడ మళ్ళీ మళ్ళీ నొక్కి నెట్టుకొచ్చింది గాని, డ్రైవర్ల ఫోన్లలోంచి వెళ్ళినవి కొన్ని ఎవరూ మళ్ళీ నొక్కలేదు. ఒక పెద్దాయన నార్త్ ఎండులో తన ఇంటి గుమ్మంలో నలభై నిమిషాలు నిలబడ్డాడు. పొరుగింటావిడ లోపలికి పిలిచి టీ ఇచ్చింది కాబట్టి ఏమీ కాలేదు. డయాలసిస్ గంట ఆలస్యమైంది.

దీనికి మందు రెడీనెస్ ప్రోబ్. ప్రతి కాపీనీ కొన్ని సెకన్లకొకసారి "ఏమోయ్, పని చేయగలవా?" అని అడగడం. మనం వేరే చెప్పకపోతే 10 సెకన్లకొకసారి అడుగుతుంది. వరసగా 3 సార్లు సరైన జవాబు రాకపోతే పట్టికలోంచి తీసేస్తుంది. చంపదు. పంక్తిలో వడ్డన ఆపి, కాసేపు కూర్చోమంటుంది. కోలుకుంటే మళ్ళీ పిలుస్తుంది. దీని అన్న ఒకడున్నాడు, లైవ్‌నెస్ ప్రోబ్. వాడు జవాబు రాకపోతే చంపి కొత్తవాణ్ణి తెస్తాడు. ఈ ఇద్దరినీ కలగాపులగం చేసుకోవడం మా వృత్తిలో నిత్యం చూసే తప్పు. పని ఎక్కువై నెమ్మదించినవాణ్ణి లైవ్‌నెస్ చంపితే, వాడి పని మిగతా ఇద్దరి మీద పడి వాళ్ళూ నెమ్మదిస్తారు, వాళ్ళనీ చంపుతాడు. పెళ్ళివారొచ్చే వేళకి వంటవాళ్ళు ఒక్కరూ ఉండరు.

నేను రెడీనెస్ పెట్టాను. అతి ఉత్సాహంతో పెట్టాను. ప్రతిసారీ డేటాబేసు దాకా వెళ్ళి పలకరించి రమ్మన్నాను. రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం డేటాబేసులో ఏదో పెద్ద లెక్క నడుస్తూ నెమ్మదించింది. మూడు కాపీలూ ఒకేసారి "మేం చేయలేం" అన్నాయి. కుబెర్నెటీస్ మూడింటినీ పట్టికలోంచి తీసేసింది. ఇప్పుడు మూడింట ఒకటి కాదు, మూడింటికి మూడూ తప్పే. నా తెలివి వల్ల రోగం మూడింతలైంది. నిజానికి ఆ పేజీలో ఆ రోజు బళ్ళ జాబితా నకలు ఒకటి దాచి ఉంటుంది, డేటాబేసు లేకపోయినా అది చూపించగలదు. కానీ గుమ్మం మూసేస్తే చూపించేదెలా?

అప్పుడు కూర్చుని ఆలోచించాను. ప్రోబ్ అడగవలసింది "నీ ఒంట్లో ఎలా ఉంది?" అని. "ఊళ్ళో వానలు పడుతున్నాయా?" అని కాదు. తన చేతిలోని తీగలు తెగిపోతే అది తన రోగం, తను తప్పుకోవాలి. డేటాబేసు నెమ్మదిస్తే అది అందరి కష్టం, తను తప్పుకున్నా ఒరిగేదేమీ లేదు. నిలబడి ఉన్నంతలో వడ్డించాలి. ఇప్పుడు మా ప్రోబ్ తన తీగల్ని మాత్రమే చూస్తుంది.

ఇంకో రెండు చిల్లర విషయాలున్నాయి. చిల్లర అన్నాను గాని రెండూ నన్ను ఏడిపించినవే. ఒక కాపీని ఆపేటప్పుడు, "ఇక ఆగిపో" అనే కబురు దానికి, "వీడి పేరు తీసేయండి" అనే కబురు మిగతావాళ్ళకి, రెండూ ఒకేసారి బయలుదేరుతాయి. ఏది ముందు చేరుతుందో చెప్పలేం. వాడు తలుపు వేసేశాక కూడా ఒకటి రెండు సెకన్లు మనుషులు వస్తూనే ఉంటారు. కాబట్టి ఆగిపోమన్నాక ఐదారు సెకన్లు ఊరికే తలుపు తీసి కూర్చోమని చెప్పాలి. మామూలుగా 30 సెకన్ల గడువు ఇస్తారు, అందులో ఇది సరిపోతుంది. రెండోది, చీటీ వేసేది కనెక్షను మొదలైనప్పుడు మాత్రమే. బళ్ళు పంపేవాళ్ళ తెరలు పొద్దున్న ఒకసారి కలిపితే సాయంత్రం దాకా అదే కనెక్షను. మధ్యలో నాలుగో కాపీని తెచ్చి కూర్చోబెట్టినా వాడి ముందు విస్తరి ఖాళీయే. పాత ముగ్గురూ చెమటలు కక్కుతుంటారు, కొత్తవాడు గోళ్ళు గిల్లుకుంటాడు. అరగంటకో గంటకో కనెక్షను మర్యాదగా తెంచి, మళ్ళీ కలుపుకోమనేట్టు ప్రోగ్రామే రాసుకోవాలి. అందరివీ ఒకే క్షణంలో తెంచితే అదో తొక్కిసలాట, కాస్త ముందూ వెనకా తెంచాలి.

అన్నట్టు, బాలెన్సరు బలాన్ని పుట్టించదు. ఉన్నదాన్ని పంచుతుంది. దీనికి మన ఊళ్ళోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1950 వరదలో విన్నిపెగ్ మునిగింది. డఫ్ రోబ్లిన్ ప్రధానిగా ఉండగా, అంటే ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అన్నమాట, 1962లో తవ్వడం మొదలుపెట్టి, 1968 నాటికి 47 కిలోమీటర్ల కాలవ కట్టారు, ఊరి తూర్పు పక్కనుంచి. రెడ్ నది పొంగితే కొంత నీళ్ళు ఊళ్ళోంచి, మిగిలినవి కాలవలోంచి. డఫ్ గారి కందకం అని వెక్కిరించారు. 1997లో వచ్చిన వరదకి ఆ కందకమే ఊరిని కాపాడింది. కాపాడింది గాని అంచుల దాకా వచ్చింది. గేట్లు పంచగలవు, పంచడానికి చోటు ఉండాలి కదా. అందుకే 2000 తర్వాత దాన్ని ఇంకా వెడల్పు చేశారు. ధవళేశ్వరం ఆనకట్ట చూసినవాళ్ళకి ఈ లెక్క కొత్త కాదు. అక్కడ లాకుల దగ్గర మనిషికి ఎటు ఎంత వదలాలో తెలుసు, కాలవ ఎంత పట్టగలదో ఇంకా బాగా తెలుసు.

మా మూడు యంత్రాలకి కూడా అదే లెక్క. ఒక్కొక్కటి 60 శాతం పని చేస్తోందనుకోండి, మొత్తం 180. ఒకటి పోతే రెండిటి మీదా చెరి 90. ఊపిరి ఆడదు గాని నిలబడతాయి. ఒక్కొక్కటి 70 చేస్తుంటే? మొత్తం 210, రెండిటి మీదా చెరి 105. ఏ లోడ్ బాలెన్సరూ దాన్ని మోయలేదు. తెర మీద 70 శాతం చూసి, ఇంకా 30 ఖాళీ ఉందిలే అని నిద్రపోయే వాళ్ళు చాలామంది.

ఫోన్లో ఒక శ్రోత అడుగుతున్నారు, ఇదంతా పనిచేస్తోందని ఎలా నమ్మడం అని. మంచి ప్రశ్న. ఒకటే దారి: పీకి చూడడం. ఫిబ్రవరిలో ఒక ఆదివారం, బళ్ళు తక్కువ ఉన్న రోజు, ముందే చెప్పి చేశాను. బేస్‌మెంటులో నేను, పైన తెర ముందు బళ్ళు పంపే ఆవిడ. చాటింపు వేస్తున్న యంత్రాన్నే ఎంచుకుని, కరెంటు ప్లగ్గు పీకాను. చేతిలో గడియారం. చిరునామా ఇంకో యంత్రానికి మారడానికి కొన్ని సెకన్లు పట్టింది. కానీ ఆ యంత్రం పోయిందని కుబెర్నెటీస్ ఒప్పుకోవడానికి ముప్పావు నిమిషం దాకా పట్టింది. అప్పటిదాకా పోయిన కాపీ పేరు పట్టికలో ఉంటుంది, దానికి వెళ్ళినవి తిరిగొస్తాయి. మధ్యలో ఉన్న ఇన్‌గ్రెస్ వాటిని ఇంకొకరికి మళ్ళీ పంపగలదు. జాబితా చూపించమనే వాటిని నిర్భయంగా పంపవచ్చు. కొత్త బుకింగులని మాత్రం పంపనివ్వలేదు, ఒకే మనిషికి రెండు బళ్ళు వెళితే అదో గొడవ. ఇక పోయిన కాపీ బదులు కొత్తది వేరే యంత్రం మీద పుట్టడానికి మామూలుగా 5 నిమిషాలు ఆగుతుంది. ఊరికే కాస్త తడబడి మళ్ళీ లేచిన యంత్రాన్ని చూసి హడావిడి పడకూడదని ఆ గడువు.

ఐదు నిమిషాలూ ఆ గదిలో ఫర్నేసు చప్పుడు వింటూ నిలబడ్డాను. తర్వాత మెట్లెక్కి పైకి వెళ్ళాను. ఆవిడ ఒక చేత్తో కాఫీ, ఇంకో చేత్తో మంగళవారం బళ్ళ బుకింగులు వేసుకుంటోంది. నన్ను చూసి, "ఇంకా పీకలేదా? నేను కాచుకుని ఉన్నాను" అంది.